‘ఇగ్నొమినియస్’ – ఒక ఆంగ్ల విశేషణము పూర్వోత్తరములు

తెలుగు బోధించువారికి ఆంగ్లపదముతో ఏమి పని అని ఈ సంచిక చదువువారు అనుకొనవచ్చును. మా ఆంగ్లశాఖ మిత్రులు ఇప్పటికే నవ్వుచు అడిగినారు. ఆ పని ఏమిటో వ్యాసము చివరకు తెలియును గనుక ఇప్పుడు చెప్పము. ఒక పదముతో మాకు బాకీ ఉన్నది. దానిని తీర్చుకొనుటకు ఈ పుటలను వాడుకొనుచున్నాము, అంతే.

పదము ‘ఇగ్నొమినియస్’. సిగ్గుచేటైన, అవమానకరమైన, పరువు పోగొట్టునట్టి అని నిఘంటువులు దీనికి అర్థము చెప్పుచున్నవి. విద్యార్థులు దీనిని పలుకుటలో తడబడుదురు గనుక ముందుగా ఉచ్చారణ. విశేషణమును పలుకునప్పుడు ఊనిక ‘మి’ అను అక్షరము మీద ఉండవలెను. దీని నామవాచకము ‘ఇగ్నొమిని’. అందులో ఊనిక మొదటి అక్షరము మీదికి పోవును. ఈ రెంటిని తారుమారు చేయువారే ఎక్కువ. మరికొందరు ఇందులోని ‘ఇగ్న’ను చూచి, ‘ఇగ్నొరెంట్’ అను మాటకు ఇది చుట్టమనుకొని, ‘తెలివిలేని’ అని అర్థము వ్రాయుచుందురు. అది పొరపాటే. కాని ఆ పొరపాటులో ఒక చిన్న నిజము దాగి ఉన్నది. దానిని తరువాత చెప్పుదుము.

ఈ మాట లాటిను నుండి వచ్చినది. 15వ శతాబ్దము నాటికే ఆంగ్లములో కనబడుచున్నది. లాటినులో ‘నోమెన్’ అనగా పేరు. దాని ముందు ‘లేని’ అను అర్థమిచ్చు ఉపసర్గ చేరి ‘ఇగ్నోమినియా’ అయినది. అనగా పేరు లేకపోవుట. ఇంకను సరిగా చెప్పవలెనన్నచో, ఉన్న పేరు పోవుట. మరి నడుమ ఆ ‘గ’కారము ఎక్కడిది? పేరును తెలుపు ‘నోమెన్’లో అది లేదు. తెలుసుకొనుట అను అర్థముగల మరియొక లాటిను ధాతువులో పూర్వము ‘గ్న’ అని ఉండెడిది. పేరు, తెలివిడి ఒక్కచోటనే ఉండునవి గదా అని జనులు రెంటిని కలిపి పలుకగా ఆ ‘గ’ ఇందులోనికి వచ్చి చేరినదని భాషావేత్తలు చెప్పుదురు. ‘ఇగ్నొరెంట్’ ఆ రెండవ ధాతువు సంతానము. మా విద్యార్థులు పడు భ్రమనే వెనుకటి రోమనులును పడినారన్నమాట. పరీక్షలో మార్కులు రాకపోయినను, వారికి ఇది కొంత ఊరట.

ఇక ‘నోమెన్’ ఒంటరి మాట కాదు. సంస్కృతములోని ‘నామన్’, పారశీకములోని ‘నామ్’, గ్రీకులోని ‘ఓనోమా’, ఆంగ్లములోని ‘నేమ్’ – ఇవన్నియు ఒక్క మూలము నుండి పుట్టిన తోబుట్టువులు. మన ‘పేరు’ మాత్రము వేరు ఇంటి బిడ్డ. తమిళుల ‘పెయర్’, కన్నడిగుల ‘హెసరు’ దాని చుట్టములు. ఉర్దూ, తెలుగు రెండును వినబడు ఈ కళాశాల వరండాలో ఒక్క గంట నిలుచున్నచో సంస్కృతము నుండి వచ్చిన నామము, పారశీకము నుండి వచ్చిన నామ్, ద్రావిడభాషల నుండి వచ్చిన పేరు, ఆంగ్లమువారి నేమ్ – నాలుగును చెవిని పడును.

ఈ చుట్టరికము తెలిసిన పిమ్మట ‘ఇగ్నొమినియస్’ అంత పరాయి మాటగా తోచదు. దాని మారురూపము మన నాలుక మీదనే ఉన్నది: బద్నామ్. ‘బద్’ అనగా చెడు, ‘నామ్’ అనగా పేరు. తెలంగాణపు పల్లెలో ఉర్దూ అక్షరము ముక్క రానివాడును “నన్ను బద్నాం చేసిండు” అనుచున్నాడు. ఇప్పుడు కోస్తా జిల్లాలవారి నోటను, పత్రికల శీర్షికలలోను ఈ మాట వినబడుచున్నది. అది పారశీకపదమని తలచుకొని ఎవరును పలుకుట లేదు. ఉర్దూలో దానికి అన్నదమ్ములు కూడ ఉన్నారు. మంచి పేరుగలవాడు నేక్‌నామ్. పేరు వినబడకుండ పోయినవాడు గుమ్‌నామ్. 1965లో వచ్చిన చలనచిత్రము పుణ్యమా అని ఈ కడపటి మాట ఉర్దూ రానివారికిని తెలిసినది. గ్రీకులు ఇదే భావముతో చేసిన మాట నుండి ఆంగ్లములోనికి ‘అనానిమస్’ వచ్చినది. కనుక ఆంగ్లములో ‘పేరు లేని’ అని చెప్పు మాటలు రెండున్నవి. అనానిమస్ వ్రాసినవాని పేరు మనకు తెలియదు. అందులో సిగ్గు ఏమియు లేదు. ‘ఇగ్నొమిని’ పొందినవాని పేరు అందరికిని తెలియును. తెలియుటయే అతని బాధ. ఈ భేదమును పట్టుకొన్న విద్యార్థి ఈ రెండు మాటలను ఇక ఎన్నడును మరువడు.

ఇంతకును ఉన్న పేరును తీసివేయుట ఎట్లు? రోమనులకు ఇది అలంకారము కాదు, ఒక కార్యాలయపు పని. క్రీ.పూ. 443లో వారు ‘సెన్సార్’ అను అధికారుల పదవిని ఏర్పరచినారు. సామాన్యముగా అయిదేండ్లకొకసారి ఇద్దరు సెన్సారులను ఎన్నుకొనెడివారు. చలనచిత్రములకు కత్తెర వేయు సెన్సారుకు, పదేండ్లకొకసారి ఇంటింటికి వచ్చు సెన్సస్‌కు మూలపురుషులు వీరే. పౌరులను, వారి ఆస్తులను లెక్కించుట వీరి మొదటి పని. శాసనసభ వంటి సెనేటు సభ్యుల పట్టికను సరిచూచుట మరియొక పని. ఆ పట్టిక చదువుచు, నడవడి సరిగా లేదని తోచినవాని పేరు ప్రక్కన ఒక గుర్తు వేసెడివారు. ఆ గుర్తు పడినవాడు సెనేటరు అయినచో సెనేటు నుండి తొలగును. ఆశ్వికుడయినచో రాజ్యమిచ్చిన గుర్రమును తిరిగి అప్పగించవలెను. ఈ గుర్తు వలన కలుగు స్థితికే ‘ఇగ్నోమినియా’ అని పేరు.

క్రీ.పూ. 275లో పబ్లియస్ కొర్నీలియస్ రూఫినస్ అనునాతడు ఇట్లే సెనేటు నుండి తొలగింపబడినాడు. రెండు పర్యాయములు కాన్సల్ పదవి వహించిన పెద్దమనిషి. నేరమేమనగా, అతని ఇంట పది పౌనుల వెండి పాత్రలుండుట. రోమను పౌను లెక్కలో అది నేటి 3 కిలోలకు కొంచెము పైన. ఈ కొలతతో మన పెండ్లిండ్లకు పోయి చూచినచో ఎందరి పేర్లు నిలుచునో చెప్పలేము. అయితే సెన్సారులు ఎప్పుడును ఇటువంటి చిన్నవాటినే పట్టినారనుకొనరాదు. క్రీ.పూ. 184లో కేటో సెన్సారుగా ఉండి లూషియస్ క్వింక్టియస్ ఫ్లమినినస్ అను మాజీ కాన్సల్‌ను తొలగించినాడు. విందులో తన ప్రక్కనున్నవానిని సంతోషపెట్టుటకు ఒక మనిషి ప్రాణము తీసినాడని అతనిపై ఆరోపణ.

ఈ పద్ధతిలో మాకు మెచ్చదగినవి మూడు కనబడుచున్నవి. సెన్సారులు ఇద్దరును సమ్మతించినగాని గుర్తు నిలువదు. పేరు ప్రక్కన కారణము వ్రాయు ఆచారముండెడిది. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ గుర్తు శాశ్వతము కాదు; తరువాత వచ్చు సెన్సారులు దానిని తుడిచివేయవచ్చును. క్రీ.పూ. 70లో ఒక్కసారిగా 64 మందిని సెనేటు నుండి తొలగించినారు. వారిలో ఒకడగు గైయస్ ఆంటోనియస్ హైబ్రిడా ఏడేండ్లు తిరుగకముందే, క్రీ.పూ. 63లో, సిసిరోకు సహచరుడుగా కాన్సల్ అయినాడు. అతడు అంతలో మహాత్ముడైనాడని కాదు. పోయిన పేరు తిరిగి వచ్చుటకు ఒక దారి ఉండెనని మాత్రమే దీని వలన తెలియుచున్నది.

సిసిరో ఈ విషయమును గూర్చి చాల ఆలోచించినవాడు. క్రీ.పూ. 66లో ఒక అభియోగమున క్లుయెంటియస్ పక్షమున వాదించుచు, సెన్సారులు వేసిన గుర్తును న్యాయస్థానపు తీర్పుతో సమానముగా ఎంచరాదని పట్టుబట్టినాడు. రాజ్యతంత్రమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఇంకొక మాట అన్నాడు: సెన్సారు తీర్పు మనిషి మొగమును ఎర్రబరచుటకంటె ఎక్కువ చేయదట, అది పేరునకు మాత్రమే సంబంధించినది గనుకనే దానికి ఆ పేరు వచ్చినదట. న్యాయవాదిగా ఆయన చెప్పినది సబబే. కారాగారము లేదు, జరిమానా లేదు, దెబ్బ లేదు. కాని పేరు తప్ప వేరు ఆస్తి లేనివాడు ఈ మాటను ఒప్పుకొనునా అని మాకు సందేహము. సిసిరోకు పేరు కాక భవనములును ఉండెను.

సైన్యములోను ఈ పదము వాడుకలో ఉండెడిది. కొలువు ముగించుకొని గౌరవముతో వెడలుట ఒకటి, దేహము చెడి వెడలుట ఒకటి, నేరము చేసి ‘ఇగ్నోమినియా’తో వెడలగొట్టబడుట ఒకటి. మొదటివానికి భూమియో ధనమో దొరకెడిది. కడపటివానికి రోము నగరములో ఉండుటకే వీలు లేకుండెను.

ఆంగ్లకవులలో లాటిను బాగుగా ఎరిగినవారు ఈ పదములోని పేరును ఎన్నడును మరువలేదు. మిల్టన్ 1649 నుండి ప్రభుత్వమునకు విదేశభాషల కార్యదర్శిగా పనిచేసినవాడు. లాటినులో లేఖలు వ్రాయుటయే ఆయన ఉద్యోగము. 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ ఆరవ సర్గలో, తిరుగుబాటు చేసిన దేవదూతల పేర్లు స్వర్గమునుండి కొట్టివేయబడినవనియు, వారు పేరులేనివారై చీకటిలో ఉండవలసినదనియు చెప్పి, కొన్ని పంక్తులలోనే ‘ఇగ్నొమిని’ అను మాటను తెచ్చి నిలిపినాడు. ఇది కాకతాళీయమని మేమనుకొనము. షేక్స్పియర్ ‘నాలుగవ హెన్రీ’ మొదటి భాగములో యువరాజు తన చేత చచ్చిపడిన హాట్‌స్పర్‌తో పలుకు మాటలు ఇంకను మనసునకు తగులును. నీ కీర్తి నీతో స్వర్గమునకు పోవుగాక, నీ అపకీర్తి నీతో సమాధిలో నిద్రించుగాక, సమాధిఫలకము మీదికి మాత్రము అది ఎక్కకుండుగాక అని అతని భావము. శత్రువు పేరును తుడిచి శుభ్రము చేసి పంపుట. ఏ గ్రంథము చదివిన విద్యార్థియైనను ఈ ఘట్టమును ఒకసారి చూడవలెను.

ఇప్పటి వాడుకకు వత్తము. ఈ విశేషణము నేడు మనుషులకంటె సంఘటనలకు ఎక్కువగా చేరుచున్నది. ఓటమి, వెనుకంజ, లొంగుబాటు, పదవీచ్యుతి, అంతము – వీటి ముందు ఇది నిలుచును. ‘అతడు ఇగ్నొమినియస్ మనిషి’ అని వ్రాయుట తప్పు కాకున్నను చెవికి ఇంపుగా ఉండదు. దీనికిని ‘డిస్‌గ్రేస్‌ఫుల్’ అను మాటకును తేడా ఏమని విద్యార్థులు అడుగుదురు. తలుపులు మూసికొని చేసిన చెడుపని డిస్‌గ్రేస్‌ఫుల్ కావచ్చును. ఎవరును చూడకపోయినను దాని చెడ్డతనము దానికి ఉన్నది. ‘ఇగ్నొమినియస్’కు మాత్రము చూచువారు కావలెను. నలుగురిలో తల వంగినగాని ఆ మాట పట్టదు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ విషయము తీసికొందుము. 1972లో వాటర్‌గేట్ భవనములో జరిగిన దొంగచొరబాటు సంగతిని కప్పిపుచ్చుటకు చేసిన యత్నము డిస్‌గ్రేస్‌ఫుల్. అది బయటపడి, 1974 ఆగస్టు 9న అధ్యక్షపదవిని వదలి పోవుట ఇగ్నొమినియస్. మొదటిది చేసిన పని, రెండవది లోకము ఎదుట దానికి పడిన మూల్యము.

ఓటమి అంతయు ఇగ్నొమినియస్ కాదని కూడ గుర్తుంచుకొనవలెను. పోరాడి ఓడినవానికి ఈ మాట తగదు. మన పత్రికలవారు దీనిని ‘ఘోరపరాజయము’ అని తెలిగించుట కలదు. అది సరికాదు. ‘ఘోర’మన్నప్పుడు ఎంత పెద్ద ఓటమియో తెలియును గాని ఎంత సిగ్గో తెలియదు. ‘అవమానకరమైన ఓటమి’ అనుట కొంత మేలు. ‘తలవంపుల ఓటమి’ ఇంకను మేలు. క్రికెట్టు ఇష్టపడు మా విద్యార్థుల కొరకు ఒక ఉదాహరణ: 1974లో లార్డ్స్ మైదానములో భారతజట్టు 42 పరుగులకు, 2020 డిసెంబరులో అడిలైడ్‌లో 36 పరుగులకు కుప్పకూలుట. రెండవదాని తరువాత నెల తిరిగినంతలోనే అదే జట్టు ఆ వరుసపోటీని 2–1తో గెలిచినది. ఆ నడుమనే తొలిసారి టెస్టు ఆడిన మన హైదరాబాదు యువకుడు సిరాజ్, బ్రిస్బేన్‌లో ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీసినాడు. తరువాతి సెన్సారులు గుర్తు తుడిచినారనవచ్చును.

క్రియావిశేషణముగా ‘ఇగ్నొమినియస్‌లీ’ అన్నప్పుడు మాటలో కొంత నవ్వు చేరును. కొత్త చొక్కా తొడిగి సైకిలు మీద ఠీవిగా వచ్చుచు బురదగుంటలో పడినవానిని గూర్చి ఆంగ్లేయులు దానిని వాడుదురు. అక్కడ మన ‘నగుబాటు’ అన్నివిధముల సరిపోవును.

తెలుగులో దీనికి ఒక్క మాటతో సమానార్థకము చెప్పుమన్నచో చెప్పుట కష్టము. ‘అపకీర్తి’ ఉన్నది గాని అది చెప్పుకొనుటకు సంబంధించినది. వినికిడి నుండి పుట్టిన ‘ఇన్‌ఫేమస్’కు అది దగ్గర. ‘అప్రతిష్ఠ’లో నిలుచున్న చోటు కదలుట ఉన్నది. ‘పరువు పోవు’, ‘రచ్చకెక్కు’ అనునవి వాడుకలో బలమైనవి. ‘తలవంపులు’ దేహముతో చెప్పిన మాట. మాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఉర్దూలో ‘రుస్వా’ అని ఒక మాట ఉన్నది, కాని గజలు కవులు ప్రేమికుని రుస్వాయీని ఒక పతకమువలె ధరింపజేసినందున దానిలోని ముల్లు కొంత మెత్తబడినది. పదమునకు పదము తూచినచో బద్నామే నిలుచును.

ఇప్పుడు మొదట దాచిన సంగతి. ఎం.ఏ. పట్టా చేతికి వచ్చి, మరియొక ఊరిలో మొదటి ఉద్యోగములో చేరిన రోజులు. వార్షికపరీక్షలలో ఒక ఇంటర్ విద్యార్థి బల్ల క్రింద చీటీ దొరకినది. విచారణసంఘములో ముగ్గురము, అందరిలో చిన్నవారము గనుక నివేదిక వ్రాయుట మా వంతు అయినది. తెలుగువానికిని ఆంగ్లము వచ్చునని చూపుకొను వయసు. ఆ బాలుని నడవడికి ముందు ‘ఇగ్నొమినియస్’ అను మాటను, నిఘంటువు తెరచి చూచి మరీ, పొదిగినాము. ఇంకొక ఇద్దరు చదివి, భాష బాగున్నదని సంతకములు చేసినారు.

మూడవ నాడు ఆ బాలుని తండ్రి వచ్చినాడు. బజారులో ఒక దుకాణము అరుగు మీద కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీ. చేతిలో మా నివేదిక నకలు. “మాస్టర్ సాబ్, అంతా ఒకరు చదివి చెప్పిండ్రు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరికీ తెలుస్తలేదు” అని వ్రేలు పెట్టి చూపినాడు. ఆ వ్రేలికి సూది గుచ్చుకొన్న గుర్తులున్నవి. మేము కొంత తడవు ఊరకుండి, “బద్నామీ” అన్నాము. ఆయన కోపపడలేదు. నకలును నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని, “నామ్ హీ తో హై సాబ్, హమారే పాస్” అన్నాడు. మా దగ్గర ఉన్నది పేరొక్కటే గదా అని.

ఆయన వెళ్ళిన తరువాత మేము నివేదికకు గ్రుచ్చిన ఆ చీటీని మొదటిసారిగా చదివినాము. అందులో ఉన్నవి జమాఖర్చుల పద్దులు, ఆ ఉదయము జరిగిన వాణిజ్యశాస్త్రపు పరీక్షకు సంబంధించినవి. ఆ బాలుడు మధ్యాహ్నము వ్రాయుచుండినది చరిత్ర. అంతకు ముందు ఆ బల్ల మీద కూర్చున్నవాడు ఎవడో దానిని అక్కడ వదలి పోయినాడు. కారణము వ్రాయకుండ గుర్తు వేయరాదని రోమనులు ఎరుగుదురు; మేము కారణము చదువనైనను లేదు.

ప్రిన్సిపాలుగారికి సంగతి చెప్పినాము. బాలునిపై చర్య రద్దయినది. అతడు ఆ యేడు ఉత్తీర్ణుడైనాడు. కాని నివేదికను తీసివేయుదమని ఆఫీసుకు పోగా గుమాస్తాగారు ఒప్పుకొనలేదు. ఫైలులో కాగితములకు వరుస అంకెలు పడినవి, చింపుటకు వీలు లేదు, కొట్టివేసి సంతకము పెట్టవచ్చును అన్నారు. ఆ మాట మీద సిరాతో గీత గీసి, అంచున పొట్టి సంతకము కాక మా పేరు పూర్తిగా వ్రాసినాము. గీత ఒక్కటే గనుక దాని క్రింద మాట ఇప్పటికిని చదువుటకు వచ్చును.